మామగారు నా వంగ మొక్కలకు పొలం మందు కొట్టారు, ఇక దొడ్డి వదిలెయ్యాలా?

అమలాపురం చుట్టుపక్కల ఒక పల్లె నుంచి ఒక గృహిణి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరూ ఊరూ వెయ్యొద్దన్నారు. ముఖ్యమైన సంగతులు పోకుండా కుదించి ఇస్తున్నాను.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. భర్త ఉద్యోగం కోసం కువైట్ వెళ్లాక హైదరాబాదు కాపురం ఎత్తేసి, ఇద్దరు పిల్లలతో అత్తవారింటికి వచ్చేశారు. మామగారు కాలవ కింద వరి చేసే రైతు. వానాకాలం పంట సార్వా, ఆ తర్వాతి పంట దాళ్వా, రెండూ ఇప్పటికీ దగ్గరుండి చూసుకుంటారు. ఇంటి వెనక నాలుగు సెంట్ల దొడ్డి. అందులో ఎనిమిది కొబ్బరి చెట్లు, నూతి పక్కన అరటి, కంద, బచ్చలి. మిగతా జాగా ఖాళీ. మొన్న ఉగాది వెళ్లాక ఆమె అక్కడ కూరగాయలు మొదలుపెట్టారు. అంతకుముందు కుండీలో తులసి తప్ప ఏదీ పెంచి ఎరగరు. మొక్కలు పెంచే సంచులు, మట్టి, విత్తనాలు, నారు అన్నీ కలిపి ఆరు వేలు దాటింది.

టమాటా ఏపుగా పెరిగింది గానీ పూత పూతగానే రాలిపోయింది. వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక నూతి నీళ్లు కాస్త ఉప్ప తిరిగాయి, బెండాకుల అంచులు మాడాయి, తర్వాత ఈనెలు పసుపుబారాయి. వానలు పడి దొడ్డిలో రెండ్రోజులు నీళ్లు నిలిచాక, బతికున్న టమాటా మొక్కలు ఆకు రంగు మారకుండానే వడిలి చచ్చిపోయాయి. బీరపాదు నిండా పూలే, పిందె నిలవలేదు. వంగ ఒక్కటే కాసింది, అందులో సగం పుచ్చులు. "సంతలో పాతిక్కి కేజీ ఇస్తన్నారు, ఈ హైరానా ఎందుకమ్మాయ్" అని అత్తగారు.

శ్రావణంలో ఆమె రెండ్రోజులు పుట్టింటికి వెళ్లినప్పుడు, చేలో వరి రసం పీల్చే సుడిదోమ అనే పురుగుకు కొట్టగా స్ప్రే ట్యాంకులో మిగిలిన మందును మామగారు వంగ మొక్కలకు కొట్టేశారు. ఆమె తిరిగొచ్చిన పూట అత్తగారు ఆ కాయలే కోసి గుత్తొంకాయ చేశారు. పిల్లలు కంచాల ముందు కూర్చున్నాక మాటల్లో సంగతి బయటపడింది. ఆమె గిన్నె తీసుకెళ్లి అందరూ చూస్తుండగా పెంటపోగు మీద బోర్లించారు. "నలభై ఏళ్లు యవసాయం చేసినోణ్ణి, నాకు మందుల సంగతి చెబుతావా" అని మామగారు కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ వారంలోనే పక్కనున్న బెండ, చిక్కుడు లేతాకులు మెలితిరిగి సన్నగా రావడం మొదలైంది. అప్పటి నుంచి మామా కోడళ్ల మధ్య మాటల్లేవు. దసరా వెళ్లాక దొడ్డంతా సిమెంటు చేయించేస్తానని ఆయన ప్రకటించారు. భర్త ఫోన్లో "ఆ మొక్కలు పీకెయ్, నేను పంపిస్తున్నానుగా, కొనుక్కో" అన్నారు.

ఆమె అడిగింది ఇది: "నా చేతికి మొక్కలు రావా? ఈ ఇంట్లో నాది అనుకున్నది అదొక్కటే. దాని కోసం పోట్లాడాలా, వదిలెయ్యాలా?"

సమాధానం:

ముందు మందు గురించి మాట్లాడతానమ్మా. మీరు రాసిన మిగతా అన్నిటిలోనూ సర్దుకోవడానికి చోటుంది. ఇందులో లేదు.

ఆ కూర పిల్లల నోటికి వెళ్లకుండా ఆపి సరైన పని చేశారు. మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కొయ్యాలో ప్రతి మందుకూ ఒక గడువు ఉంటుంది. ఆ మందుకూ ఆ పంటకూ కలిపి కట్టిన లెక్క అది, వరికి చెప్పింది వంగకు పనికిరాదు. చేలో మందు కొట్టాక వరి కోతకు వచ్చేలోపు వారాలు గడుస్తాయి. గింజ మీద ఊక ఉంటుంది, మర ఆడిస్తాం, తవుడు పోతుంది. వంకాయ అలా కాదు, నిన్న మందు పడిన తొక్కతోనే ఇవాళ నూనెలో పడుతుంది. పైగా దోమకు వాడే మందుల్లో చాలావాటికి మొక్క లోపలికి ఇంకి రసంలో కలిసిపోయే గుణం ఉంది. దోమ ఆ రసం పీల్చి చావాలనే వాటిని తయారు చేస్తారు. అలాంటి మందు ఉప్పునీళ్లలో కడిగితే పోదు, పసుపు నీళ్లలో నానబెట్టినా పోదు. మోనోక్రోటోఫాస్ అనే మందును కూరగాయల మీద వాడకూడదని 2005 లోనే కేంద్ర ప్రభుత్వం నిషేధం పెట్టింది. అయినా మిగతా పంటల పేరు మీద అది ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు దుకాణాల్లో దొరికింది. మామగారు కొట్టింది ఏ మందో మీరు రాయలేదు. డబ్బా ఉంటే పేరు చూడండి. దాని మీద ఒక మూల మీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపైతే అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ రంగైనా సరే, ఆ డబ్బా పిల్లల చేతికి అందే చూరులోనో వంటింటి గట్టు కిందో ఉంటే ఇవాళే తీయించి తాళం పడే చోట పెట్టించండి. ఎప్పుడైనా మందు పడినది ఎవరైనా తిని వాంతులు, విపరీతంగా చెమట, నోట్లో నీళ్లూరడం, చూపు మసకబారడం లాంటివి కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చెయ్యకుండా డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి ఇంట్లో మీరు పట్టు విడవకూడని మాట ఒకటుంది. పొలం మందు దొడ్డిలోకి రాకూడదు. పొలంలో వాడే ట్యాంకు కూడా రాకూడదు.

ట్యాంకు సంగతి ఎందుకంటున్నానంటే, మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం బెండ, చిక్కుడు లేతాకులు మెలితిరిగాయన్నది. తెగులు వల్ల కూడా అలా కావచ్చు, ఆకు చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మందు పడిన వారంలోనే, రెండు వేర్వేరు జాతుల మొక్కలకు ఒకేసారి లేతాకులు తాళ్లలా సన్నబడ్డాయంటే నాకు కలుపు మందు మీద అనుమానం వస్తుంది. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి అనే కలుపు మందు వాడతారు. అది వరిని ఏమీ చెయ్యదు. బెండ, చిక్కుడు, టమాటా, వంగ అన్నీ వెడల్పాకు మొక్కలే. ట్యాంకును ఒకసారి నీళ్లతో కడిగి వదిలేస్తే అడుగున మిగిలిన కాస్త కూడా వీటిని మెలితిప్పేస్తుంది. ఆ ట్యాంకుతో అంతకుముందు కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. కొట్టి ఉంటే ఆ మొక్కలు మీ చేతివాటం వల్ల పాడవలేదని మీకూ తెలుస్తుంది, ఆ ట్యాంకు ఎందుకు వద్దంటున్నారో ఆయనకూ తెలుస్తుంది.

ఇక మామగారి దగ్గరికి వస్తాను. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. కోడలు ఉగాది నుంచి ఎండలో కిందామీదా పడుతోంది. కాసిన ఒక్క వంగ పుచ్చిపోతోంది. ట్యాంకులో మందు మిగిలింది. ఆయనకు చేతనైన సాయం అదే, చేసేశారు. అడక్కుండా చేశారు, ప్రమాదకరమైనది చేశారు, ఆ రెండూ నిజమే. మీ మీద కోపంతో చేసిన పనిలా మాత్రం నాకు కనిపించలేదు. కక్ష ఉన్న మనిషి మొక్కలు పీకిస్తాడు గానీ మందు కొట్టి బతికించాలని చూడడు. అలా సాయం చేశాననుకున్న మనిషికి, కూర పెంటపోగు మీద పడటం ఇంటిల్లిపాదీ చూడటం ఎంత నామోషీగా ఉంటుందో ఊహించగలం. మీరు భయంతో చేశారు. పిల్లల కంచాల్లో విషం ఉందని తెలిసిన తల్లి గిన్నెను నెమ్మదిగా పక్కకు జరుపుతుందని నేను అనుకోను. అందుకే పారబోసినందుకు క్షమాపణ చెప్పొద్దు. అందరి ముందూ ఆయన్ని చిన్నబుచ్చినట్టయిందని, అది మీ ఉద్దేశం కాదని ఆయనతో అనొచ్చు. ఈ రెండు మాటలనూ కలిపెయ్యకండి. కలిపితే మందు కొట్టడం తప్పు కాదని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

ఆయనతో వాదించాలంటే ఆరోగ్యం, రసాయనాలు అంటూ మొదలుపెట్టొద్దు. నలభై ఏళ్లు ఆ మందుల మధ్యే బతికిన మనిషికి అది నిందలా వినిపిస్తుంది. ఆయన పంట నుంచే అడగండి. "వరిలో తెల్లకంకి వస్తే సుడిదోమ మందు కొడతారా మామయ్యగారూ?" కొట్టరు. తెల్లకంకి తెచ్చేది కాండంలోకి దూరి తొలిచే పురుగని, దోమ మందు దాని పనికి రాదని ఆయనకు మీకంటే నాకంటే బాగా తెలుసు. వంకాయలో పుచ్చు కూడా అలాంటిదే. పిల్లపురుగు ముందు లేత మొవ్వులోకి, తర్వాత కాయలోకి దూరుతుంది. లోపలికి పోయాక పైన ఏం కొట్టినా తగలదు. అంటే ఆ మందు ప్రమాదమే కాక, దండగ కూడా. దీనికి పెరట్లో చెయ్యగలిగిన పని, తలవాల్చిన మొవ్వులను వాడిన చోటుకు ఒక అంగుళం కిందకి తుంచేసి, పుచ్చు కాయలతో సహా కాల్చెయ్యడం. పెంటపోగులో వేస్తే పురుగు మళ్లీ రెక్కలు తొడుక్కుని వస్తుంది. మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు దొరుకుతాయి. లీటరు నీళ్లకు యాభై గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టుకోవచ్చు. పుచ్చులు పూర్తిగా పోతాయని చెప్పను. బుట్టలో నాలుగు కాయలు పారేసుకోవడానికి సిద్ధపడాల్సిందే.

మీ మాట ఆయన చెవికెక్కకపోతే మీ ఊళ్లో కూరగాయలు, తోటల సంగతి చూసే ప్రభుత్వ ఉద్యాన సహాయకులు ఎవరైనా ఉన్నారేమో చూడండి. కోడలు చెబితే పోట్లాట అయ్యే మాట, ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి అరుగు మీద కూర్చుని చెబితే కబురవుతుంది. పల్లెల్లో ఇది న్యాయంగా లేదని నాకూ తెలుసు. అయినా పిల్లల తిండి విషయంలో ఎవరి నోట వెళ్లినా ఫరవాలేదు.

"నా చేతికి మొక్కలు రావా" అన్నదానికి జవాబు మీరు రాసిన వివరాల్లోనే ఉంది. మీరు మొదలుపెట్టింది ఉగాది తర్వాత. మన డెల్టాలో కొత్తవాళ్లకు అంతకంటే కష్టమైన వేళ ఇంకోటి లేదు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకు నీళ్లు ఆపేసే రోజులవి. కాలవలో నీళ్లున్నంత కాలం పక్క నూతుల్లోకి తియ్యటి ఊట వస్తూ ఉంటుంది. కట్టేశాక సముద్రం వైపు ఊళ్లలో నీళ్లు ఉప్ప తిరుగుతాయి. ఆ నీళ్లే పోస్తూ ఉంటే ఉప్పు మట్టిలో పేరుకుని ఆకు అంచుల్ని మాడుస్తుంది. చిక్కుడు జాతి అయితే ఉప్పును అసలే ఓర్చుకోదు. టమాటాకు రాత్రిళ్లు చల్లబడాలి. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటుతూ ఉంటే పూత సరిగ్గా కట్టక రాలిపోతుంది. మనకు మే నెలలో తెల్లవారుజామున కూడా 27, 28 ఉంటుంది. ఏ చేతివాసి ఉన్నవాళ్లు పెట్టినా ఆ పూత రాలిపోయేదే.

బెండకు ఈనెలు పసుపుబారడం తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల. వచ్చాక మందు లేదు. కనిపించిన మొక్కను కనిపించిన రోజే పీకి దూరంగా వేస్తే పక్కవి కొంత దక్కుతాయి. వానల్లో టమాటా పచ్చగా ఉండగానే వడిలిపోవడం మాత్రం మట్టిలో ఉన్న బాక్టీరియా ఎండు తెగుల్లా ఉంది. ఈసారి అలా అయితే కాండం మొదట్లో కోసి గాజు గ్లాసులో నీళ్లలో వేలాడదీసి చూడండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి తెల్లటి దారం నీళ్లలోకి దిగితే అదే. ఆ జాగాలో మళ్లీ టమాటా గానీ వంగ గానీ మిరప గానీ కొన్నేళ్లు పెట్టొద్దు. ముగ్గురూ ఒక కుటుంబం వాళ్లే. బీరపాదుకు అసలు జబ్బే లేదేమో. ముందు మగపూలు గుత్తులుగా వస్తాయి, వెనక చిన్న పిందె తగిలించుకుని ఆడపూలు తర్వాత వస్తాయి. బీరపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆనప కూడా అంతే. ఆ వేళకు పురుగులు తిరక్కపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. దీపాలు పెట్టే వేళకు ఒక మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. పిల్లలకు ఈ పని అప్పగించి చూడండి, ఒక్కరోజు కూడా మర్చిపోరు.

ఇప్పుడు మీకు కాస్త గుచ్చుకునే మాట ఒకటి చెప్పాలి. మీ దొడ్డిలో ఏదీ బతకలేదని రాశారు. అదే ఉత్తరంలో, నూతి పక్కన కంద, బచ్చలి ఎవరూ పట్టించుకోకపోయినా పెరిగిపోతూనే ఉన్నాయని, అత్తగారు కంద బచ్చలి వండితే పిల్లలు ఇష్టంగా తింటారని కూడా రాశారు. వాటిని మీరు తోట లెక్కలో వెయ్యలేదు. అవి అత్తగారు పెట్టినవి. ఆవిడ ఏ వీడియో చూడకుండానే ఆ దొడ్డికి ఏది సరిపోతుందో ఎంచుకున్నారు. కొబ్బరి నీడలో, తడి ఆరని మట్టిలో కందా, చేమా, పసుపూ, అల్లమూ, తీగబచ్చలీ వస్తాయి. టమాటాకూ బెండకూ రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. ఎనిమిది కొబ్బరి చెట్ల కింద అంత ఎండ పడే జాగా మీకు ఏ మూలో కొంచెం ఉంటుందంతే. ఆవిడ "ఈ హైరానా ఎందుకు" అన్నప్పుడు ఆ మాటలో ఎగతాళి ఉండొచ్చు. ఇన్నేళ్లు నేను పెంచింది నీ కంటికి ఆనలేదా అన్న చిన్న నొప్పి కూడా ఉండొచ్చు. ఆవిడను ఎప్పుడైనా అడిగారా, కంద ఏ నెలలో పెడతారని? నాకైతే ఈ ఇంట్లో మీకు ముందు దొరికే మనిషి అత్తగారే అనిపిస్తోంది.

ఇక పోట్లాడాలా, వదలాలా అన్నది. మీ ముందు ఆ రెండే దారులు లేవు.

పూర్తిగా వదిలెయ్యొచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మాటలు త్వరగా కలుస్తాయి, మీవారి ఫోను ప్రశాంతంగా మోగుతుంది. కానీ మీరు ఉత్తరంలో రెండుసార్లు రాసిన మాట "నాది" అన్నది. అది టమాటాలతో మొదలైన లోటు కాదు, టమాటాలు పీకేస్తే పోయేదీ కాదు. వదిలేస్తే ఆ చోటులోకి ఇంకోటి రావాలి. మిషను కుట్టడమో, చదువు కొనసాగించడమో, పిల్లల ట్యూషనో, ఏదైనా సరే. అది ఏమిటో తెలియకుండా వదిలేస్తే ఇంకో ఆర్నెల్లకు మరో గిన్నె దగ్గర ఇదే గొడవ వస్తుందని నా భయం.

డాబా మీదకు మారొచ్చు. అక్కడ ఎండకు లోటుండదు, ఎండు తెగులు మట్టితో పని ఉండదు, ఎవరి ట్యాంకూ అంత దూరం రాదు. సంచులు ఇప్పటికే ఉన్నాయి. కానీ నీళ్లు పైకి మొయ్యాలి. తడిసిన సంచులు బాగా బరువు, గోడల మీదుగా, దూలాల మీదుగా వరసగా పెట్టాలి, కింద ఇటుకలు వేసి ఎత్తులో ఉంచాలి. లేదంటే డాబా కారిన మొదటి రోజున నింద మీ మీదే పడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను కబురు వస్తే అన్నీ కిందకు దించుకోవాలి. ఇంకొకటి కూడా ఆలోచించండి. మీరు పైకి వెళ్లిపోతే గొడవ ఆగుతుంది గానీ, ఆ ఇంట్లో మీరు ఇంకా ఒంటరివారవుతారేమో. మీ అత్తమామలు ఎలాంటివాళ్లో మీకే తెలుసు. వాళ్లతో ఎంత దూరం అవసరమో కూడా మీరే చెప్పాలి.

దొడ్డిని పంచుకోవడం మూడోది. నూతి వైపు నీడంతా అత్తగారిది. అక్కడ ఆవిడ చెప్పినట్టే. ఎండ పడే మూల మీది. ఎక్కడ ఎంతసేపు ఎండ ఉంటుందో ఒక సెలవు రోజు పొద్దుటి నుంచి గంటగంటకూ చూసి నేల మీద ముగ్గుపిండితో గీసుకోండి. మామగారిని మాత్రం నీళ్ల పని అడగండి. డెల్టాలో కూరగాయలకు పురుగు కంటే పెద్ద శత్రువు నిలవ నీరు. మీ బంకమట్టిలో రెండ్రోజులు నీళ్లుంటే వేరుకు ఊపిరాడదు. ఏ వైపు వాలు ఉంది, మురుగు బోదె ఎటు తియ్యాలి, మళ్లు ఎంత ఎత్తు లేపాలి అన్నది జీవితమంతా నీళ్లతో బతికిన వరి రైతుకు తెలిసినట్టు మనకెవరికీ తెలియదు. మళ్లను మోకాలి సగం ఎత్తుకు లేపి, బాగా మాగిన పశువుల ఎరువు, కాస్త ఊక బూడిద కలిపిస్తే బంకమట్టి విచ్చుకుంటుంది. పచ్చి పేడ వద్దు. పీచు మిల్లు నుంచి కొబ్బరి పొట్టు తెస్తే మంచి నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి వాడండి, దానిలోనూ ఉప్పుంటుంది. ఈ దారిలో చిక్కేమిటంటే, అడిగాక ఆయన పెత్తనం కొంత భరించాలి. మీరు ఇక్కడ మడి అంటే ఆయన అక్కడ అంటారు. చాలావాటిలో ఆయన మాట నెగ్గనివ్వండి. మందు విషయంలో మాత్రం అడిగేటప్పుడే చెప్పెయ్యండి, తర్వాత కాదు.

నాకు మూడోదాని మీదే మొగ్గు ఉందని దాచను. కానీ మాటలే లేని ఇంట్లో దాన్ని ఎలా మొదలుపెట్టాలో తేలిక కాదు. అత్తగారి ద్వారా మొదలుపెట్టడమో, పిల్లల్లో పెద్దవాడి చేత "తాతయ్యా, నీళ్లు ఎటు పోవాలి" అని అడిగించడమో మీ ఇష్టం. మొదటిసారి ఆయన పలక్కపోవచ్చు. దానికి మీరు సిద్ధంగా ఉండాలి.

డబ్బు గురించి వాదించకండి. నాలుగు సెంట్లలో మొదటి ఏడాదే ఆ ఆరు వేలు తిరిగి రావు. రావులపాలెం, కొత్తపేట చుట్టూ గోదావరి మధ్య లంకల్లో పండే కూరలు దొరికే చోట సంత ధరతో పోటీ పడలేరు కూడా. అత్తగారి పాతిక రూపాయల లెక్క సరైనదే, ఒప్పేసుకోండి. మీరు పెంచుతున్నది మందు పడని కూర కోసం, మీ మనసు కోసం. అదే చెప్పండి. ఇక మీదట మాత్రం సంచులకూ కొన్న మట్టికీ రూపాయి పెట్టకండి. నారు కావాలంటే నర్సరీలున్న కడియం వైపు వెళ్లేవాళ్లతో తెప్పించుకోండి. విత్తనం ఇరుగుపొరుగుని అడగండి. ఊళ్లో ఏళ్లుగా నిలిచిన ఆనప, చిక్కుడు, గోంగూర విత్తనం ఎవరో ఒకరి చూరులో మూటగట్టి ఉంటుంది.

మీవారి మాట మిమ్మల్ని ఎక్కువ నొప్పించిందని అర్థమైంది. ఆయనకు ఫోన్లో ఇటు నుంచి అమ్మా, అటు నుంచి మీరూ చెప్పే ఫిర్యాదులు తప్ప దొడ్డి కనిపించదు. అంత దూరంలో ఉన్న మనిషికి చేతనైన పరిష్కారం డబ్బే, అదే ఇవ్వజూపారు. ఆయనకు గొడవ మొత్తం మళ్లీ చెప్పొద్దు. ఒక్కటి అడగండి: "మందు విషయంలో పిల్లల కోసం నేను అన్నది సరైనదని నాన్నగారితో మీరు ఒక్క మాట చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను." కొడుకు నోట ఆ ఒక్క మాట వస్తే మీకు సగం బరువు దిగుతుంది. రాకపోతే, అది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సిన వేరే సంగతి, దానికి దొడ్డిని తాకట్టు పెట్టకండి.

సిమెంటు గురించి: వద్దనకండి, సంక్రాంతి దాకా ఆగమనండి. తుపానుల ముందు దొడ్డంతా మూసేస్తే ఇంకాల్సిన నీరు ఎటు పోతుందో, కొబ్బరి వేళ్లకు ఏమవుతుందో ఆయనే ఆలోచించుకుంటారు. నూతి నుంచి పెరటి గుమ్మం దాకా నడవడానికి ఒక బాట వేయించుకుంటే ఆయన మాటా దక్కుతుంది, అత్తగారికి వానల్లో బురదా తప్పుతుంది.

ఇప్పుడు భాద్రపదం. లంకల్లో రైతులు గోదావరి వరద తీశాకే కూరగాయలు మొదలుపెడతారు. మీరూ ఆ లెక్కే పట్టుకోండి. చిక్కుడు గింజ ఈ వారమే పెట్టొచ్చు, పాత జాగాకు దూరంగా. పొద్దు తగ్గే కొద్దీ పూస్తుంది, రథసప్తమి నాటికి రథం కట్టడానికి కాయలు మీ పాదునే ఉంటాయి. తోటకూర, గోంగూర ఎత్తు మళ్లలో చల్లేయండి. టమాటా నారు దసరాకు పోసి, కార్తీకంలో వానలు తెరిపిచ్చాక సంచుల్లో నాటుకోండి, పది మొక్కలు మించొద్దు. వంగను ఈ ఒక్క పంటకు పక్కన పెట్టండి. మందు పడిన ఆ మొక్కలను కాయలతో సహా పీకి పూడ్చెయ్యండి, పశువులకు వెయ్యకండి.

డబ్బా మీద పేరూ రంగూ చూసి నాకు మళ్లీ రాయండి.